అల్లుణ్ణి అడగక్కర్లేని ప్రయాణం

అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచీ మా తెనాలిలో కనిపించిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న. "గోల్డెన్ గేట్ వంతెన చూశావా? ఎలా ఉంది?" అని. చూశానండీ, కాదనను. ఎర్రగా, పొడుగ్గా, మంచులో సగం మునిగి ఉంది. ఓ అరగంట నిలబడి, ఫొటోలు దిగి, చలికి ఓర్వలేక కారెక్కేశాం. కానీ ఆ ఆరు నెలల్లో నా మనసులో నిలిచిపోయింది వంతెన కాదు. అరచేతిలో పట్టేంత నీలం రంగు ప్లాస్టిక్ కార్డు. దాని పేరు క్లిప్పర్ కార్డు. మీలో ఎవరైనా రేపో మాపో అమ్మాయి దగ్గరికో కోడలి దగ్గరికో ఆ వైపు వెళ్ళేవాళ్ళుంటే, నా అనుభవం మీకు అక్కరకొస్తుందని రాస్తున్నాను.

2024 అక్టోబరులో వెళ్ళాను. మా అమ్మాయి వాళ్ళు ఉండేది సన్నీవేల్ అనే ఊళ్ళో, శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణాన. ఇల్లు బాగుంది, వంటగది బాగుంది, ఫ్రిజ్ నిండా కూరలు. ఉదయం ఎనిమిదిన్నరకి ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. ఆ తర్వాత సాయంత్రం దాకా గోడలూ నేనూ. వీధిలో మనిషి కనిపించడు. కొత్తిమీర కట్ట కావాలన్నా కారు తీయాల్సిందే. నాకు కారు రాదు. మన ఊళ్ళో అయితే చెప్పులేసుకుని సందు చివరికి వెళ్ళి వస్తాం కదా. అక్కడ నేను అడగాలి. మొదటి వారం అల్లుణ్ణి గుడికి తీసుకెళ్ళమని అడిగాను. రెండో వారం దారపు ఉండ కావాలని అడిగాను. మంచి కుర్రాడే, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అయినా అల్లుణ్ణి అడగడం అనేది ఎంత కష్టమో వేరే చెప్పాలా? గొంతుదాకా వచ్చిన మాట మింగేసి, 'ఏం లేదు బాబూ, ఊరికే పిలిచాను' అన్న రోజులున్నాయి.

అతనికే తోచిందో, మా అమ్మాయి చెప్పిందో, మూడో వారం ఆ కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. "అత్తయ్యగారూ, ఇందులో ముప్ఫై డాలర్లు వేశాను. ఇక్కడ బస్సు, రైలు, ట్రామ్, పడవ అన్నింటికీ ఇదొక్కటే" అన్నాడు.

ఒక్కటే అనడంలో ఎంత విశేషముందో నాకు తర్వాత తెలిసింది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ తొమ్మిది కౌంటీలున్నాయి. అంటే మన జిల్లాల్లాంటివన్నమాట. ఒక్కో ప్రాంతానికి ఒక్కో బస్సు సంస్థ, రైళ్ళకి వేరే సంస్థలు, పడవలకి మరొకటి. మనకున్నట్టు రాష్ట్రమంతటికీ ఒకే ఆర్టీసీ అక్కడ లేదు. ఇలాంటి సంస్థలు ఇరవైకి పైగా ఉన్నాయి. ఎవరి చార్జీలు వాళ్ళవి, ఎవరి టిక్కెట్లు వాళ్ళవి. వీటన్నిటికీ చెల్లేలా ఒకే కార్డు పెట్టారు. మొదట్లో దీన్ని ట్రాన్స్‌లింక్ అనేవారట. 2010లో క్లిప్పర్ అని పేరు మార్చారు. క్లిప్పర్లంటే పాతకాలపు తెరచాప ఓడలు. 1849 ప్రాంతంలో కాలిఫోర్నియాలో బంగారం దొరికిందని జనం ఎగబడినప్పుడు, తూర్పు తీరం నుంచి వేగంగా చేరవేసిన ఓడలు అవేనట. కార్డు కొనాలంటే మూడు డాలర్లు. లోపల వేసుకునే డబ్బు దానికి అదనం.

కార్డుని మిషను మీద రుద్దక్కర్లేదు, గీయక్కర్లేదు, దగ్గరగా పెడితే చాలు. 'కీక్' మని కూసి పచ్చలైటు వెలుగుతుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు, ఎలా తెలుస్తుందయ్యా అని అడిగాను. అల్లుడు ఏదో ఇంగ్లీషులో చెప్పాడుగానీ, మా అమ్మాయి చెప్పింది తేలిగ్గా బుర్రకెక్కింది. "ఇండక్షన్ స్టవ్ ఉంది కదమ్మా, మంట లేకుండా గిన్నె వేడెక్కుతుంది. లోపలున్న తీగచుట్ట శక్తి గిన్నెకి అందుతుంది. ఇదీ అంతే. కార్డులో సన్నటి తీగచుట్ట, ఓ చిన్న చిప్పు ఉంటాయి. మిషను దగ్గర పెట్టగానే దానికి కరెంటు అందుతుంది. ఆ క్షణంలో చిప్పు తన నంబరు చెప్పేస్తుంది" అంది. స్టవ్ మీద పెడితేనే గిన్నె వేడెక్కినట్టు, మిషను దగ్గర పెడితేనే కార్డుకి ప్రాణం. పర్సులో ఉన్నప్పుడు అది ఉత్త ప్లాస్టిక్ ముక్క.

ఇంతవరకూ సులువే. చిక్కంతా ఎక్కడంటే, దిగేటప్పుడు మళ్ళీ తాకించాలా, వద్దా అన్న దగ్గర!

మొదటి ప్రయాణం ముగ్గురం కలిసి శాన్ ఫ్రాన్సిస్కోకి. ఓ శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని సన్నీవేల్ స్టేషనుకి వెళ్ళాం. ఆ రైలుని కాల్‌ట్రైన్ అంటారు. అక్కడ రైలు మార్గం 1860ల నాటిది. ఇన్నేళ్ళకి, నేను వెళ్ళడానికి కొద్ది రోజుల ముందు, 2024 సెప్టెంబరులో డీజిల్ పోయి కరెంటు రైళ్ళు వచ్చాయి. రెండంతస్తుల రైలు! పై అంతస్తులో కూర్చుంటే ఇళ్ళ పెరళ్ళన్నీ కనిపిస్తాయి. నాకు ఎవరింట్లో ఏ చెట్లున్నాయో చూడడమే సరిపోయింది. నిమ్మ, దానిమ్మ, ఓ చోట కాయలు వేలాడే సీమరేగు కూడా చూశాను.

ఆ స్టేషన్లో గేటూ లేదు, టిక్కెట్టు కలెక్టరూ లేడు. ప్లాట్‌ఫారం మీద ఓ స్తంభానికి మిషను ఉంటుంది. ఎక్కేముందు మనమే వెళ్ళి తాకించాలి. రైల్లో మాత్రం కండక్టరు చేతి మిషనుతో వచ్చి చూస్తాడు. తీరా స్తంభం దగ్గరికి వెళ్ళాక మా అమ్మాయి కార్డు వేరే బ్యాగులో ఉండిపోయిందని తేలింది. "దానికేముందే, నాది రెండుసార్లు తాకిద్దాం" అన్నాను. మన బస్సులో 'రెండు గుంటూరు' అని అడగమూ, అలాగ. అల్లుడు నవ్వి, ఒక మనిషికి ఒక కార్డే అని చెప్పి, పక్కనున్న మిషన్లో ఆమెకి కాగితం టిక్కెట్టు తీశాడు. అతనికేమో కార్డు ఫోన్లోనే ఉంది.

శాన్ ఫ్రాన్సిస్కోలో దిగి, మళ్ళీ స్తంభానికి తాకించాం. అక్కణ్ణుంచి మ్యూనీ వాళ్ళ ట్రామ్ ఎక్కి సముద్రం ఒడ్డునే ఫెర్రీ బిల్డింగు దాకా వెళ్ళాం. ట్రామ్‌లో ఎక్కేటప్పుడు ఒక్కసారి తాకిస్తే చాలు, రెండు గంటల లోపు వాళ్ళ బస్సు గానీ ట్రామ్ గానీ మారినా మళ్ళీ పట్టదు. దిగేటప్పుడు తాకించే పని లేదు. ఇక్కడే నా బుర్రలో తికమక పడింది. రాత్రి తిరిగొచ్చి సన్నీవేల్లో దిగేసరికి చలి, నిద్ర, అమ్మాయి అలిసిపోయిందేమోనన్న బెంగ. గబగబా కారు దగ్గరికి నడిచేశాను. స్తంభం గుర్తే లేదు.

మర్నాడు అల్లుడు లెక్క చూస్తే వచ్చేటప్పుడు చాలా ఎక్కువ పట్టేసింది. ఎందుకంటే ఆ రైలు చార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. ఎక్కేటప్పుడు తాకించగానే, మనం ఎక్కడ దిగుతామో దానికి తెలీదు కాబట్టి, ఎక్కిన చోటు నుంచి ఉండే అతి పెద్ద చార్జీ పట్టుకుంటుంది. దిగి తాకిస్తే మిగిలింది తిరిగి కార్డులో వేస్తుంది. తాకించకపోతే అంతే సంగతులు! మనం కిరాయి వంటపాత్రలు తెచ్చుకునేటప్పుడు అడ్వాన్సు కట్టి, తిరిగిచ్చాక వెనక్కి తీసుకుంటాం చూడండి, సరిగ్గా అదే. గిన్నెలు తిరిగివ్వని మనిషిని నేనన్నమాట.

నష్టం పెద్దదేం కాదు. అతనూ "పోనీండి" అన్నాడు. అయినా ఆ పూట అన్నం సయించలేదు. డబ్బు అతనిది, మతిమరుపు నాది. "నీకెందుకమ్మా ఈ తంటాలు, మేం తీసుకెళ్తాం కదా" అంది అమ్మాయి. అదీ నాకు గుచ్చుకుంది. ఇంటర్ చదివిన దాన్ని, ముప్ఫై ఏళ్ళుగా ఇల్లు నడుపుతున్న దాన్ని, స్తంభానికి కార్డు తాకించడం నేర్చుకోలేనా?

నోట్‌బుక్కు తీసి రాసుకున్నాను. దూరాన్ని బట్టి డబ్బు తీసుకునే వాటికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. ఎంత దూరమైనా ఒకటే చార్జీ అయితే ఎక్కేటప్పుడు మాత్రమే. ఇంతే సూత్రం. ఇది పట్టుకున్నాక నాకెప్పుడూ తప్పు జరగలేదు. అసలు ఈ ముక్క ఎవరూ ముందే ఎందుకు చెప్పరో మరి!

పరీక్ష నవంబరులో పెట్టుకున్నాను. ఇంటర్లో నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఫ్రీమాంట్‌లో ఉంది. ఒక్కదాన్నే వెళ్తానన్నాను. ఇంట్లో ఇద్దరూ గొడవ. చివరికి అమ్మాయే కాగితం మీద బొమ్మ గీసిచ్చింది. సన్నీవేల్లో కాల్‌ట్రైన్ ఎక్కి ఒక్క స్టేషను, మౌంటెన్ వ్యూ. అక్కడ వీటీఏ వాళ్ళ చిన్న రైలు, ఆరెంజ్ లైను, మిల్పిటాస్ దాకా. అక్కడ బార్ట్ రైలెక్కితే రెండో స్టేషను ఫ్రీమాంట్. మూడు సంస్థలు, మూడు రైళ్ళు, ఒక కార్డు. కాల్‌ట్రైన్‌కి రెండుసార్లు, చిన్న రైలుకి ప్లాట్‌ఫారం మీదే ఒకసారి, బార్ట్‌కి రెండుసార్లు. వెరసి ఐదు 'కీక్'లు. వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ వెళ్ళాను.

బార్ట్ అంటే 1972 నుంచి నడుస్తున్న పెద్ద రైలు. శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్ళేచోట సముద్రం అడుగున గొట్టంలోంచి వెళ్తుంది. నేను అటు వెళ్ళలేదు. దీనికి మాత్రం గేట్లుంటాయి. తాకిస్తేనే తెరుచుకుంటాయి కాబట్టి మరిచిపోయే ప్రశ్నే లేదు, మరిచిపోతే బయటికే రాలేం. నాలాంటి వాళ్ళకి గేట్లే మేలు. స్తంభాన్ని నమ్మకూడదు!

ఫ్రీమాంట్ గేటు అవతల నా స్నేహితురాలు నిలబడి ఉంది. ఐదో 'కీక్' విని గేటు తెరుచుకోగానే నాకు తెలీకుండానే నవ్వొచ్చేసింది. ఆమె నన్ను చూసి మొదట అన్నమాట, "ఎవరు దింపారే?" అని.

ఇక అసలు అవసరం డిసెంబరులో వచ్చింది. అనుకున్న తేదీకి వారం ముందే నొప్పులొచ్చాయి, చివరికి ఆపరేషను చేశారు. ఆడపిల్ల. అల్లుడు ఆస్పత్రిలోనే ఉండాలి, కారూ అక్కడే. పత్యం వండాల్సింది నేను, ఇంట్లో. అతను ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నాడు. వద్దన్నాను. బాలింతని, పసిగుడ్డుని వదిలి నా కోసం రావడమేమిటి? ఫోన్లో కారు పిలుచుకోవచ్చు, కానీ అదీ అతని ఖాతాలోదే.

ఆస్పత్రి ఎల్ కమీనో రియల్ అనే రోడ్డు మీదే ఉంది. స్పానిష్‌లో రాజమార్గం అని అర్థమట. ఆ రోడ్డు పొడుగునా 22వ నంబరు బస్సు తిరుగుతుంది. బీరకాయ కూర, వెల్లుల్లి కారప్పొడి, నెయ్యి, మెత్తటి అన్నం క్యారియర్లో సర్దుకుని, పైన శాలువా చుట్టుకుని స్టాపులో నిలబడ్డాను. బస్సొచ్చింది. ముందు తలుపు దగ్గర తాకించాను. ఒకటే చార్జీ, అప్పుడు రెండున్నర డాలర్లు. దిగాల్సిన చోటు వస్తే కేకేయక్కర్లేదు, కిటికీ పక్కనున్న తాడు లాగితే గంట మోగి డ్రైవరు ఆపుతాడు. పదిహేను నిమిషాల్లో ఆస్పత్రిలో ఉన్నాను. క్యారియరు విప్పితే గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది. మా అమ్మాయి ఆవిరి చూసి, తర్వాత నా మొహం చూసి, "బస్సులో వచ్చావా!" అంది. అన్నం కలిపి పెడుతుంటే మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కారం ఎక్కువైందేమోనన్నాను. కాదంది.

నాలుగు రోజులు రోజుకి రెండు పూటలు తిరిగాను. మూడో రోజు సాయంత్రం బస్సెక్కి కార్డు తాకిస్తే ఎర్రలైటు వెలిగి వరసగా కూసింది. డబ్బు అయిపోయింది! వెనక మనుషులు నిలబడి ఉన్నారు. చేతిలో క్యారియరు, ఒళ్ళంతా చెమట. డ్రైవరు ఆడమనిషే. నన్నూ, క్యారియర్నీ చూసి, లోపలికి వెళ్ళి కూర్చోమని చెయ్యి ఊపింది. ఆ తల్లికి నేను 'థాంక్యూ' తప్ప ఏమీ చెప్పలేకపోయాను.

అల్లుడికి చెబితే క్షణంలో వేసేవాడు. కాకపోతే అప్పట్లో ఇంటి నుంచి ఇంటర్నెట్లో డబ్బు వేస్తే కార్డులోకి రావడానికి కాస్త సమయం పట్టొచ్చని అతనే ఓసారి చెప్పాడు. వెంటనే కావాలంటే స్టేషన్లోని మిషను దగ్గరో, వాల్‌గ్రీన్స్ అనే మందుల షాపులోనో వేయించుకోవాల్సి వచ్చేది. బయల్దేరేటప్పుడు మావారు మార్పించి ఇచ్చిన డాలర్లు సూట్‌కేసులో చీర మడతల్లో అలాగే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఇరవై తీసుకుని నడుచుకుంటూ మందుల షాపుకి వెళ్ళాను. దారంతా ఇంగ్లీషు వాక్యం వల్లెవేసుకున్నాను. కౌంటర్లో అబ్బాయికి ఒక్కసారి చెబితే అర్థమైపోయింది. కార్డు మిషను మీద పెట్టాడు, రసీదు ఇచ్చాడు. నవ్వుకుంటారేమో, ఆ రసీదు నా దగ్గర ఇప్పటికీ ఉంది. అమెరికాలో నా డబ్బుతో నేను కొనుక్కున్న మొట్టమొదటి వస్తువు అదే మరి.

వెళ్ళేవాళ్ళకి మరో రెండు ముక్కలు. కార్డుని పేరు మీద రిజిస్టరు చేయించుకోండి. అది పోయినా, మిగిలిన డబ్బు కొత్త కార్డులోకి మార్చి ఇస్తారు. మీకు 65 ఏళ్ళు నిండితే మామూలు కార్డు తీసుకోకండి. పాస్‌పోర్టు చూపించి సీనియర్ కార్డుకి దరఖాస్తు పెడితే చార్జీ సగానికి సగం, కొన్నింట్లో అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. 5 నుంచి 18 ఏళ్ళ పిల్లలకీ రాయితీ కార్డుంది. నాకేమో నలభై ఎనిమిది, ఏ రాయితీకీ అందను.

ఇదంతా నా నాటి సంగతి. 2025 డిసెంబరు నుంచి క్లిప్పర్ పద్ధతిని కొత్తగా మార్చారని అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఇప్పుడు బ్యాంకు కార్డునే నేరుగా మిషను దగ్గర పెట్టి ఎక్కొచ్చట. ఒక సంస్థ బండి దిగి రెండు గంటల లోపు మరో సంస్థ బండి ఎక్కితే చార్జీలో తగ్గింపు కూడా ఉందట. నేను ఫ్రీమాంట్ వెళ్ళిన రోజు మూడు రైళ్ళకీ విడివిడిగా కట్టాను కదా, ఆ బాధ తగ్గినట్టే. కానీ నా బ్యాంకు పుస్తకం మావారి బీరువాలో ఉంటుంది, కార్డు ఇప్పటిదాకా తీసుకోలేదు. అందుకని నాకైతే ఆ నీలం కార్డే ఇష్టం.

ఇక్కడ మనకీ 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో స్త్రీశక్తి పథకం వచ్చింది కదా. తెలంగాణ అక్కచెల్లెళ్ళకి 2023 డిసెంబరులోనే వచ్చేసింది. ఆధార్ చూపించి, సున్నా టిక్కెట్టు తీసుకుని గుంటూరు వెళ్ళొస్తున్నాను. మొదటిసారి ఆ టిక్కెట్టు చేతిలోకి తీసుకున్నప్పుడు, మందుల షాపు రసీదే గుర్తొచ్చింది. రెండు చోట్లా బయల్దేరేముందు ఎవరినీ ఏమీ అడగలేదు.

తిరిగొచ్చే ముందు నా వంతు దించుకుని బిడ్డని చూసుకోవడానికి మా వియ్యపురాలు వచ్చారు. ఆవిడకి 66. సీనియర్ కార్డు తెప్పించాం. వచ్చిన వారానికే ఆవిడ మొహంలో నా మొదటి వారాల దిగులు కనిపించింది. కొడుకునైనా అడగాలంటే ఆవిడకీ మొహమాటమే. నేను విమానమెక్కడానికి రెండు రోజుల ముందు ఇద్దరం కాల్‌ట్రైన్ ఎక్కి మౌంటెన్ వ్యూ దాకా వెళ్ళాం. రానూ పోనూ ఆవిడకి నా సూత్రం పదిసార్లు వల్లించాను. స్తంభం ఎక్కడుంటుందో, లైటు ఏ రంగు వెలగాలో, అన్నీ. సన్నీవేల్లో దిగాక మనవరాలి కబుర్లలో పడి మెట్ల దాకా నడిచేశాను. వెనక నుంచి వినబడింది, "వదినగారూ, మీరు తాకించారా?" అని.